గాలిని కిందికి తోస్తేనే పైకి లేచేది

నౌకాదళంలో చేతక్ హెలికాప్టర్ల మీద మెకానిక్‌గా ఇరవై రెండేళ్ళు పనిచేశానని పోయిన సంచికలో ఒక్క ముక్క రాశాను. దాంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హెలికాప్టర్ల మీదే ఉన్నాయి. చాలా సంతోషం కలిగింది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ పేజీలన్నీ వీటికే ఇస్తున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధి మునిగినప్పుడు హెలికాప్టర్ వచ్చి మా మేడ మీద ఆహార పొట్లాలు వదిలింది. అది మా నెత్తి మీదికి రాగానే దండెం మీది బట్టలు, నీళ్ళ ట్యాంకు మూత ఎగిరిపోయాయి. పిల్లల్ని పట్టుకుని పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాం. అంత గాలి ఎందుకండీ? కొంచెం తక్కువ గాలితో నిలబడలేదా?
*– ఒక గృహిణి, సింగ్ నగర్, విజయవాడ*

అమ్మా, మీ మేడ మీద కొట్టిన ఆ గాలే హెలికాప్టర్‌ను పైన నిలబెట్టింది. నూతిలో ఈత నేర్చుకున్నవాళ్ళకు ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. కాళ్ళతో నీళ్ళు తొక్కుతున్నంతసేపే తల పైన ఉంటుంది, తొక్కడం ఆపితే మునుగుతాం. హెలికాప్టర్ గాలిని అలాగే తొక్కుతుంది. గాలిని కిందికి తోసినంత బలంతోనూ గాలి దాన్ని పైకి తోస్తుంది.

ఎంత గాలి అని అడిగారు కాబట్టి, నాకు బాగా తెలిసిన చేతక్ లెక్క చెబుతాను. పైన తిరిగే పెద్ద ఫ్యాన్‌ను రోటర్ అంటాం, దాని రెక్కల్ని బ్లేడ్లు అంటాం. చేతక్ రోటర్ ఈ కొస నుంచి ఆ కొసకు 11 మీటర్లు. మనుషులు, ఇంధనం అన్నీ కలిపి నిండు బరువు 2,200 కిలోలు. ఇంత బరువు గాల్లో కదలకుండా నిలబడాలంటే రోటర్ గుండా సెకనుకు టన్నుకు పైగా గాలి కిందికి దిగాలి. గాలికి బరువేముందిలే అనుకుంటాం గానీ, ఘనపు మీటరు గాలి కిలో పైచిలుకు తూగుతుంది. రోటర్ దగ్గర ఆ గాలి గంటకు 35 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. కిందికి వచ్చేకొద్దీ ఆ గాలిస్తంభం సన్నబడి, వేగం దాదాపు రెట్టింపై 70కి చేరుతుంది. వాయుసేన వాళ్ళ పెద్ద హెలికాప్టర్ ఎం.ఐ-17 బరువు నిండుగా ఉంటే 13 టన్నులు. దాని కింద 85, 90 కిలోమీటర్ల గాలి కొడుతుంది. ట్యాంకు మూత ఎగిరిపోవడంలో ఆశ్చర్యం లేదు.

తక్కువ గాలితో నిలబడలేదా అన్న మాట చాలా మంచి ప్రశ్న. నిలబడగలదు, రోటర్ పెద్దదైతే. వెడల్పాటి రోటర్ ఎక్కువ గాలిని పట్టుకుని మెల్లగా తోసినా అంతే బరువు మోస్తుంది. హెలికాప్టర్ బ్లేడ్లు అంత పొడుగ్గా ఉండడానికి కారణం అదే. కానీ పొడుగు పెరిగేకొద్దీ బ్లేడు బరువు పెరుగుతుంది, ఇళ్ళ మధ్యకు రావడం కష్టమవుతుంది. అందుకని ఎక్కడో ఒకచోట రాజీ పడాలి.

ఇంకెవరి మేడ మీదికైనా హెలికాప్టర్ వస్తున్న చప్పుడు వినిపిస్తే మొదట టార్పాలిన్లు, విడి రేకులు, చాపలు తీసి లోపల పెట్టండి. వాటి వల్ల మీకే కాదు, హెలికాప్టర్‌కూ ముప్పు. ఎగిరిన గుడ్డ వెళ్ళి వెనక ఫ్యాన్‌లో చుట్టుకుంటే పైలట్ పని అయిపోయినట్టే.

రోటర్ వేగం పెంచితే పైకి, తగ్గిస్తే కిందికి. ఇది అర్థమైంది. మరి ముందుకు ఎలా వెళ్తుంది సార్? ముందువైపు ఫ్యాన్ ఏదీ కనిపించదు కదా.
*– ఇంటర్ విద్యార్థి, పాలకొల్లు*

నాయనా, నువ్వు అర్థమైందన్న మొదటి ముక్కే సరిచేయాలి. ఏమీ అనుకోకు, పదిమందిని అడిగితే తొమ్మిదిమంది ఇలాగే చెబుతారు. అందుకు మన ఇళ్ళలోని సీలింగ్ ఫ్యాన్ కారణం. దాని రెక్కల వాలు ఫ్యాక్టరీలోనే బిగిసిపోతుంది. గాలి ఎక్కువ కావాలంటే రెగ్యులేటర్ తిప్పి వేగం పెంచడమొక్కటే దారి. హెలికాప్టర్‌లో వేగం స్థిరంగా ఉంటుంది, వాలు మారుతుంది. చేతక్ రోటర్ నిమిషానికి 353 చుట్లు తిరుగుతుంది. లేచేటప్పుడూ అంతే, నిలబడేటప్పుడూ అంతే.

బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టడం తప్పే గానీ, చిన్నప్పుడు అందరం పెట్టినవాళ్ళమే. అరచేయి నేలకు సమంగా ఉంటే గాలి కోసుకుంటూ పోతుంది. బొటనవేలి అంచు కాస్త పైకి లేపితే చెయ్యి మొత్తం పైకి లేస్తుంది. బస్సు వేగం మారలేదు, చేతి వాలు మారిందంతే. పైలట్ ఎడమచేతి పక్కన ఒక లివర్ ఉంటుంది. దాని పేరు కలెక్టివ్. దాన్ని పైకి లాగితే మూడు బ్లేడ్ల వాలూ ఒకేసారి, ఒకేలా పెరుగుతుంది. వాలు పెరిగితే తిప్పడం బరువవుతుంది కాబట్టి ఇంజన్‌కున్న గవర్నర్ ఇంధనం పెంచి వేగం పడిపోకుండా చూసుకుంటుంది.

ఇక ముందుకు వెళ్ళడం. ముందుకు లాగే ఫ్యాన్ వేరే లేదు, పైనున్న రోటరే ఆ పనీ చేస్తుంది. రోటర్ గాలిని సరిగ్గా కిందికి తోస్తే హెలికాప్టర్ నిలబడుతుంది, కొంచెం వెనక్కి వాల్చి తోస్తే ముందుకు పోతుంది. మరి తిరుగుతున్న రోటర్‌ను ఎలా వాలుస్తారు? ఇక్కడే మా మెకానిక్‌లకు ప్రాణప్రదమైన భాగం ఉంది. దాని పేరు స్వాష్ ప్లేట్.

రెండు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో బేరింగ్ బిగించినట్టు ఊహించుకో. కింది పళ్ళెం తిరగదు. పై పళ్ళెం రోటర్‌తో పాటు తిరుగుతుంది. దాని నుంచి ఒక్కో బ్లేడుకు ఒక్కో కడ్డీ వెళ్తుంది. పళ్ళేలు సమంగా పైకి లేస్తే అన్ని కడ్డీలూ సమంగా తోస్తాయి, అన్ని బ్లేడ్ల వాలూ పెరుగుతుంది. అదే కలెక్టివ్. పళ్ళేలను ఒక పక్కకు వంచితే, తిరుగుతున్న ప్రతి బ్లేడూ ఎత్తు పక్కకు వచ్చినప్పుడు ఎక్కువ వాలు తీసుకుంటుంది, పల్లం పక్కకు పోయినప్పుడు తక్కువ వాలు తీసుకుంటుంది. పైలట్ మోకాళ్ళ మధ్య ఉండే కర్రతో పళ్ళేలను ఇలా వంచుతారు. దాని పేరు సైక్లిక్. నిమిషానికి 353 చుట్లంటే గంటకు 21,180 చుట్లు. గంటసేపు ప్రయాణిస్తే ఒక్కో బ్లేడు అన్నిసార్లు వాలు పెంచుకుని, దించుకుని వస్తుంది. ఆ కడ్డీల చివర బేరింగులు చేత్తో తడిమి చూసేటప్పుడు ఈ అంకె ఎప్పుడూ నా మనసులో ఉండేది.

ఇంకో చిత్రం ఉంది. ముందుకు పోవాలంటే రోటర్ వెనక ఎత్తుగా, ముందు పల్లంగా వాలాలి. కాబట్టి బ్లేడు వెనక్కి వచ్చినప్పుడు ఎక్కువ వాలు ఇవ్వాలనిపిస్తుంది. ఇస్తే హెలికాప్టర్ పక్కకు ఒరుగుతుంది! సూర్యుడు నడినెత్తిన ఉండేది పన్నెండింటికి, ఎండ ముదిరేది మధ్యాహ్నం రెండు, మూడింటికి. బ్లేడు సంగతీ అంతే. వాలు ఎక్కువ చేసిన చోట అది లేవడం మొదలుపెడుతుంది, లేచి లేచి బాగా ఎత్తుకు చేరేసరికి పావు చుట్టు ముందుకు వెళ్ళిపోతుంది. అందుకని ఎక్కడ ఎత్తు కావాలో అక్కడికి పావు చుట్టు ముందే వాలు ఇవ్వాలి. చేతక్ రోటర్ పై నుంచి చూస్తే గడియారం ముల్లులా కుడివైపు తిరుగుతుంది. కాబట్టి ముందుకు పోవడానికి కుడిపక్కన వాలు పెంచి, ఎడమపక్కన తగ్గిస్తారు. ఈ పావు చుట్టు లెక్కంతా తయారీలోనే కడ్డీల అమరికలో కలిపేశారు కాబట్టి పైలట్ కర్రను ముందుకు తోస్తే చాలు.

ముందుకు కదిలాక మరో చిక్కు వస్తుంది. చేతక్ బ్లేడు కొస సెకనుకు 204 మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. హెలికాప్టర్ గంటకు 180 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 50 మీటర్లతో పోతోందనుకో. ఎడమపక్క ముందుకు వచ్చే బ్లేడు కొసకు 254 మీటర్ల గాలి తగులుతుంది, కుడిపక్క వెనక్కి పోయే బ్లేడుకు 154 మాత్రమే. ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వాలు సమానంగా ఉంటే ఎడమకొస కుడికొస కంటే రెండున్నర రెట్లకు మించిన బలంతో లేవాలి. అంటే హెలికాప్టర్ కుడివైపు దొర్లిపోవాలి.

స్పెయిన్‌కు చెందిన హువాన్ డి లా సియెర్వా 1920ల మొదట్లో తన ఆటోజైరోలతో సరిగ్గా ఈ చిక్కులోనే పడ్డాడు. ఆటోజైరో అంటే ముందు విమానంలా ఫ్యాన్ ఉండి, పైన రోటర్ ఇంజన్‌తో కాక ఎదురుగాలికే తిరిగే యంత్రం. ఆయన చేసిన చిన్న నమూనా చక్కగా ఎగిరేది, మనిషి ఎక్కే యంత్రం మాత్రం పక్కకు పడిపోయేది. నమూనా రెక్కలకు పేము బెత్తం వాడాడు, అవి వంగేవి. పెద్ద యంత్రం రెక్కలు బిర్రుగా ఉండేవి. తేడా అక్కడుందని గ్రహించి బ్లేడు మొదట్లో తలుపు మడతబందు లాంటిది పెట్టాడు. ఎక్కువ గాలి తగిలిన బ్లేడు తనంతట తానే పైకి లేచి బలం తగ్గించుకుంటుంది, తక్కువ తగిలింది కిందికి దిగి పెంచుకుంటుంది. 1923లో ఆయన యంత్రం నిలకడగా ఎగిరింది. చేతక్ బ్లేడు మొదట్లోనూ ఆ మడతబందు ఉంటుంది. దానికి గ్రీజు పెట్టిన ప్రతిసారీ నేను ఆ పేము బెత్తాన్ని తలుచుకునేవాణ్ణి. అయినా వెనక్కి పోయే బ్లేడుకు ఒక హద్దు ఉంది. మరీ వేగంగా పోతే దానికి గాలి చాలక పట్టు వదిలేస్తుంది. చేతక్ గంటకు 210 కిలోమీటర్లు దాటకూడదనడానికి అదో ముఖ్య కారణం. విమానంతో హెలికాప్టర్ పోటీ పడలేకపోవడం ఇంజన్ బలం చాలక కాదు.

బ్లేడ్లన్నీ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా అని చూడడాన్ని ట్రాకింగ్ అంటాం. ఇప్పుడు కెమెరాలు, సెన్సర్లు వచ్చాయి. మా రోజుల్లో ఒక గడకు కాన్వాస్ గుడ్డ కట్టి చూసేవాళ్ళం. మూడు బ్లేడ్ల కొసలకు ఎరుపు, నీలం, పసుపు రంగు సుద్ద పూసేవాళ్ళం. తెల్లవారుజామున గాలి తిరగక ముందే ఇంజన్ స్టార్ట్ చేసి రోటర్ పూర్తి వేగానికి తెచ్చేవారు. ఒకతను గడ నిలబెట్టి, గుడ్డను కొంచెం కొంచెంగా బ్లేడ్ల కొసల దగ్గరికి వాల్చేవాడు. గడ పట్టుకున్నవాడి మీదే అందరి చూపూ, చెయ్యి వణికితే గుడ్డ చిరిగి రోటర్ మీదికి పోతుంది. టప్‌మని ఒక్క తాకు తగిలేది. గడ దించి చూస్తే గుడ్డ మీద మూడు గీతలు. మూడూ ఒకదాని మీద ఒకటి పడితే ఆ రోజు పండగే. ఒకసారి పసుపు గీత మిగతా రెండింటికీ వేలెడు పైన పడింది. ఆ హెలికాప్టర్‌లో కూర్చుంటే చుట్టుకొక కుదుపు చొప్పున సీటు ఊగుతోందని పైలట్ గారు చెప్పిన మాట నిజమేనని తేలింది. పసుపు బ్లేడు కడ్డీ కాస్త తిప్పి, మళ్ళీ స్టార్ట్ చేసి, మళ్ళీ గుడ్డ తాకించాం. నాలుగోసారికి గీతలు కలిశాయి. అప్పటికి టిఫిన్ టైమ్ దాటిపోయింది, ఎవరికీ ఆకలి గుర్తు లేదు.

నేవీ డేకి ఆర్.కె. బీచ్‌లో చూసిన హెలికాప్టర్లలో ఒకదానికి తోక చివర ఫ్యాన్ లేదు. మిగతావాటికి ఎందుకు ఉంది, దానికి ఎందుకు లేదు?
*– తొమ్మిదో తరగతి విద్యార్థిని, విశాఖపట్నం*

చక్కగా గమనించావు తల్లీ. మిక్సీ స్విచ్ వేయగానే జార్ లోపల బ్లేడు ఒకవైపు తిరుగుతుంది, మిక్సీ మొత్తం రెండోవైపు ఒక్క కుదుపు కుదుపుతుంది. అమ్మ చేత్తో నొక్కి పట్టుకుంటుంది. హెలికాప్టర్ గాల్లో ఉంటుంది కాబట్టి నొక్కి పట్టుకునేవాళ్ళు లేరు. చేతక్ రోటర్ కుడివైపు తిరిగితే దాని ఒళ్ళు ఎడమవైపు గిర్రున తిరగాలని చూస్తుంది. తోక చివర ఫ్యాన్ పక్కకు తోసి ఆపుతుంది. పైలట్ కాళ్ళ కింద ఉండే రెండు పెడల్స్ ఆ చిన్న ఫ్యాన్ బ్లేడ్ల వాలు మారుస్తాయి. దాంతోనే ముక్కును కుడికీ ఎడమకీ తిప్పుతారు. ఒక పెద్ద రోటర్, తోకలో ఒక చిన్న రోటర్ అనే ఈ పద్ధతిని 1939లో ఇగోర్ సికోర్‌స్కీ తన వి.ఎస్-300 హెలికాప్టర్‌తో నిలబెట్టి చూపించాడు. నేటికీ ఎక్కువ హెలికాప్టర్లది అదే దారి.

నువ్వు చూసింది రష్యావాళ్ళ కామోవ్. దానికి ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు, ఒకదానిపై ఒకటి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుతాయి. ఒకదాని తిప్పుడును రెండోది సరిచేస్తుంది కాబట్టి తోక ఫ్యాన్ అక్కర్లేదు. ముక్కు తిప్పాలంటే ఒక రోటర్ వాలు పెంచి, రెండోదాని వాలు తగ్గిస్తారు. తోక పొట్టిగా ఉంటుంది కాబట్టి ఓడ మీద ఇరుకు చోటులో దించడానికి అనువు. వాయుసేన చినూక్ హెలికాప్టర్‌లోనూ ఇదే కిటుకు, కాకపోతే రోటర్లు ముందొకటి వెనకొకటి.

మే నెలలో మా ఊరికి వచ్చిన హెలికాప్టర్‌లో నలుగురు వచ్చారు, తిరిగి వెళ్ళేటప్పుడు ఒకరిని కారులో పంపారు. ఎండకు లేవదట. నిజమేనా?
*– ఒక రైతు, రెంటచింతల*

నిజమే అయ్యా. 15 డిగ్రీల చల్లటి గాలితో పోలిస్తే మీ ఊరి 45 డిగ్రీల గాలి పదోవంతు పలచన. పలచటి గాలిని తోస్తే ఎత్తే బలమూ అంత తగ్గుతుంది, ఇంజన్‌కూ ఊపిరి చాలదు. సియాచిన్‌లో మన చీతా హెలికాప్టర్లు కొద్దిపాటి బరువుతో ఎగిరేది ఇందుకే. అక్కడ ఎత్తు వల్ల పలచన, మీ దగ్గర ఎండ వల్ల. ఒకరిని దింపిన ఆ పైలట్ సరైన పని చేశారు.

2002లో కైకలూరు దగ్గర బాలయోగి గారు, 2009లో నల్లమలలో రాజశేఖరరెడ్డి గారు పోయిన దగ్గర్నుంచి హెలికాప్టర్ చప్పుడు వింటేనే నాకు టెన్షన్. ఇంజన్ ఆగితే రాయిలా పడిపోవడమేనా?
*– విశ్రాంత ఉపాధ్యాయులు, ఆత్మకూరు, నంద్యాల జిల్లా*

మాస్టారూ, ఆ రెండు రోజులూ నాకూ గుర్తే. ఆ ప్రమాదాల కారణాల్లోకి నేను వెళ్ళను, అది విచారణ చేసినవారి పని. మీరడిగిన దానికి జవాబు మాత్రం ఖాయంగా చెప్పగలను. ఇంజన్ ఆగినంత మాత్రాన హెలికాప్టర్ రాయిలా పడదు.

చిన్నప్పుడు తాటాకు ముక్కలకు తుమ్మముల్లు గుచ్చి గాలిచక్రం చేసుకునేవాళ్ళం కదా. పట్టుకుని పరుగెత్తితే దానంతటదే తిరిగేది. ఇంజన్ ఆగగానే పైలట్ చేయాల్సింది ఒక్కటే, కలెక్టివ్ కిందికి దించేయాలి. దించితే బ్లేడ్ల వాలు తగ్గుతుంది. హెలికాప్టర్ దిగుతుంటే కింది నుంచి వచ్చే గాలి రోటర్‌ను ఆ తాటాకు చక్రంలా తిప్పుతూనే ఉంటుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. ఆగిన ఇంజన్ రోటర్‌ను పట్టి ఆపకుండా సైకిల్‌కు ఉన్నట్టే ఫ్రీవీల్ ఉంటుంది. తోక ఫ్యాన్ పెద్ద రోటర్‌కే గేర్లతో కలిసి ఉంటుంది కాబట్టి అదీ తిరుగుతుంది, ముక్కు అదుపులోనే ఉంటుంది. నేల దగ్గరికి వచ్చాక పైలట్ ముక్కు పైకెత్తి వేగం చంపి, చివర్లో కలెక్టివ్ లాగుతారు. అప్పటిదాకా రోటర్‌లో దాచుకున్న తిప్పుడంతా ఆ ఒక్క లాగుడుకు ఖర్చయి, చక్రాలు నెమ్మదిగా ఆనుతాయి. మా పైలట్లు దీన్ని మళ్ళీ మళ్ళీ సాధన చేసేవారు.

1972 జూన్ 21న ఫ్రాన్స్‌లో జాన్ బూలే అనే పైలట్ లామా హెలికాప్టర్‌ను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళాడు. మన చీతా ఆ లామానే. అంత ఎత్తులో ఇంజన్ ఆరిపోయింది, మళ్ళీ అంటుకోలేదు. ఎవరెస్టు కంటే మూడున్నర కిలోమీటర్లు పై నుంచి నేల దాకా ఆటోరొటేషన్ మీదే దిగి క్షేమంగా బయటికి వచ్చాడు. మీ భయానికి ఇంతకంటే మంచి మందు నా దగ్గర లేదు. అయితే నేలకు దగ్గరగా, వేగం లేకుండా ఉన్నప్పుడు ఇంజన్ పోతే మాత్రం ఈ ఉపాయానికి వ్యవధి ఉండదు. అదీ దాచకుండా చెప్పాలి.

నేను ఆర్టీసీ డ్రైవర్‌ని. ముప్పై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టాను. గాల్లో కదలకుండా ఆపి ఉంచడం తేలికే అనుకుంటా, బ్రేకు మీద కాలు పెట్టినట్టు?
*– జగిత్యాల*

అన్నా, అన్నిటికంటే కష్టం అదే. హెలికాప్టర్‌కు బ్రేకు లేదు, గాల్లో ఆనుకునేందుకు ఏమీ లేదు. పైలట్ కలెక్టివ్ అంగుళం పైకి లాగాడనుకోండి. రోటర్ బరువెక్కి ఒళ్ళు ఎడమకు తిరగబోతుంది, కాబట్టి కాలితో పెడల్ సర్దాలి. పెడల్ సర్దితే తోక ఫ్యాన్ ఇంకా గట్టిగా పక్కకు తోస్తుంది, హెలికాప్టర్ మొత్తం ఎడమకు జరగబోతుంది. కాబట్టి కర్ర కొంచెం కుడికి వాల్చాలి. వాల్చితే ఎత్తే బలంలో కొంత పక్కకు పోతుంది, కాబట్టి కలెక్టివ్ మళ్ళీ సర్దాలి. ఇదంతా ఒకదాని తర్వాత ఒకటి కాదు, రెండు చేతులూ రెండు కాళ్ళూ ఒకేసారి చేయాలి. తోక ఫ్యాన్ తోపును సరిదిద్దడానికి చేతక్ నిలబడ్డప్పుడు కొంచెం కుడికి వాలే ఉంటుంది. ఈసారి ఎక్కడైనా దిగుతుంటే చూడండి, వెనక చక్రాల్లో కుడిది ముందు నేలకు ఆనుతుంది.

పరీక్ష కోసం ఎగిరినప్పుడు పైలట్ పక్కసీట్లో చాలాసార్లు కూర్చున్నాను. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు కర్రను గట్టిగా పట్టుకుని, హెలికాప్టర్ జరిగాక సరిదిద్దేవారు. అది మరోవైపు జరిగేది, చొక్కా తడిసిపోయేది. ఒక సీనియర్ పైలట్ గారు మాత్రం కుడి మోచేయి తొడ మీద ఆనించి, కర్రను మూడు వేళ్ళతో పట్టుకునేవారు. పది నిమిషాలు ఒకేచోట నిలబెట్టారు. చేతి వంక చూస్తే కదులుతున్నట్టే లేదు. దగ్గరగా వంగి చూశాను, మణికట్టు దగ్గర నరం మాత్రం ఆగకుండా ఆడుతోంది.